కాలేషా చుక్కలు

మార్కాపురంలో మండలాఫీసు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో కాలేషా కంప్యూటర్ మీద ఖాళీ అర్జీలు తయారుచేసి అమ్ముతాడు. చుక్క మీట మీద వేలు ఆనించి కళ్లు సగం మూసుకుంటాడు. ఎండిన చేలో తొలి చినుకుల్లా తెర మీద చుక్కలు రాలుతుంటాయి. వేలు ఎప్పుడెత్తాలో ఆయన లెక్క ఆయనకుంది. పేరు రాసుకోడానికి బెత్తెడు, ఊరికి ఇంకాస్త, సమస్యకు మాత్రం అర వరస. "అంతకు మించి ఏ సారూ చదవడు" అంటాడు, టీ ఊదుకుంటూ.

పలకల గనిలో వేళ్లు అరిగిన రూతమ్మకు, మిషన్ వేలిముద్ర పట్టలేదని పింఛను ఆగిపోయింది. అర్జీ కోసం వచ్చి తెర వంక చూసింది.

"ఏంది నాయనా, నా బాధ ఇంతేనా? అంతా పట్టేట్టు చెయ్యి."

కాలేషా చుక్కలు పెంచాడు. సారు సంతకం చేసే చోటు జారి రెండో పేజీలో పడింది.

"చూస్తివా పెద్దమ్మా? సారు పేజీ తిప్పడు. నీ అర్జీ అట్లనే పడుంటాది."

"మరి పైన ఆ నాలుగు వరసలేంది?"

"సారును పొగిడేది. మహారాజశ్రీ కాడ్నించి దివ్యసముఖం దాకా నేనే రాసినా."

"ఆయనకేమన్నా పింఛను ఆగిందా, అంత ఓదార్చేదానికి? తీసెయ్."

సొంత పన్ను పీక్కుంటున్నట్టు మొహం పెట్టి, కాలేషా ఒక్కో వరసా చెరిపాడు. సంతకం మెల్లగా మొదటి పేజీకి ఎక్కొచ్చింది. పైన 'అయ్యా' ఒక్కటే మిగిలింది.

రూతమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇంక రాసుకో నాయనా. గనిలో చేరిన కాడ్నించి చెప్తా."