నిండుకున్న కవర్లు

పంజాగుట్టలో బట్టల దుకాణం పైన రెండో అంతస్తు మా ఆఫీసు. అమీర్‌పేట సందుల్లో నా ఈడువాళ్ళంతా జావా, ఒరాకిల్ నేర్చుకుంటున్న రోజుల్లో నేను అక్కడ పత్రాలు సరిచూసే పనిలో చేరాను. హాస్టల్లో చెబితే నవ్వేవారు. నాకు మాత్రం ఆ పని నచ్చింది.

ఎన్నో కాలేజీల డాబాల మీద ఉపగ్రహాల సంకేతాలు అందుకునే యాంటెనాలు ఉండేవి. నేల ఏ కాస్త కదిలినా, లేచినా తెలిపే ఆ కొలతలను అందరూ పంచుకునేవారు. ప్రతి స్టేషనుకూ ఒక వివరాల పత్రం: యాంటెనా ఏ రకం, దిమ్మె మీద ఎంత ఎత్తున ఉంది, పైన ప్లాస్టిక్ కవరు ఉందా, ఏది ఎప్పుడు మార్చారు. ఒకరు ఎత్తు అడుగుల్లో రాసేవారు, ఒకరు మీటర్లలో. కొందరు తేదీ ముందు వేస్తే కొందరు నెల ముందు. అన్నిటినీ ఒకే పద్ధతిలోకి తేవాలి. గడి ఖాళీగా వదలకూడదన్నది మొదటి నియమం. కవరు లేకపోతే ఎన్, ఓ, ఎన్, ఈ అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు వేయాలి. ఖాళీ వదిలితే కవరు లేదనుకోవాలో, రాయడం మరిచారనుకోవాలో తెలియదు. కవరు ఉంటే ఎత్తు లెక్క ఒకలా, లేకపోతే ఇంకోలా వేయాలి మరి.

ఆ ఏడు వానలు వెనకబట్టాక, కోస్తాలోని ఒక పాలిటెక్నిక్ స్టేషను ఉన్నట్టుండి కాస్త పైకి లేచినట్టు లెక్కల్లో కనిపించింది. చిటికెన వేలి మందం కూడా లేదు. అయినా కారణం చెప్పలేకపోతే శుక్రవారం సమావేశంలో దాన్ని జాబితాలోంచి తీసేస్తారనీ, పరికరం ఇంకో కాలేజీకి వెళ్ళిపోతుందనీ మా మేనేజరు చెప్పారు. అక్కడ సర్వే పాఠాలు చెప్పే మేడమ్ పైవాళ్ళ వెంటపడి సాధించుకున్న పరికరం అది. “మా పిల్లలు దాన్ని చూడ్డానికే డాబా ఎక్కుతారండీ,” అనేవారావిడ. ఫోన్ చేసి దిమ్మె గురించి, గోడల పగుళ్ళ గురించి అడిగాను. “కవరు సంగతి అప్పుడే చెప్పాను కదండీ. ఆ తర్వాత ఏమీ మార్చలేదు,” అన్నారు.

స్టేషన్లు ఫోన్లో చెప్పే మార్పులు రాసుకునేది భాయ్. పాతబస్తీ నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు, నాకంటే చాలా పెద్దవాడు.

“గాలివానకు పాత కవర్ పగిలిందంట తమ్మీ. కొత్తది ఉన్నదా మేడమ్ అని అడిగిన. మస్తున్నయంట. మల్ల పెట్టకుంట ఉంటదా?”

పాతది తీసినట్టు, అదే రకం కొత్తది పెట్టినట్టు రాసుకున్నాడు. ఒక్క గడీ ఖాళీ లేదు. పత్రాలు సరిచూడ్డానికి నేను రాసుకున్న కంప్యూటర్ ప్రోగ్రాం కూడా ఏ తప్పూ పట్టలేదు.

గురువారం భాయ్ డబ్బా తెచ్చుకోలేదు. మధురానగర్‌లో నేను తినే మెస్‌కు తీసుకెళ్ళాను. మెస్ నడిపే ఆంటీది గుంటూరు వైపు.

“పప్పు నిండుకుంది నాయనా,” అంది ఆంటీ.

భాయ్ పళ్ళెం ముందుకు జరిపాడు. “నిండుగుంటే ఇంకేం ఫికరమ్మా, జర ఎక్కువనే వెయ్యి.”

బల్ల బల్లంతా నవ్వింది. ఒకడికి పొలమారింది. ఆంటీ గిన్నె వంచి అడుగు చూపించింది. “అయిపోయింది నాయనా! వంటింట్లో లేదు అనకూడదని అలా అంటాం.”

“గట్లైతే ఒడిసింది అనాలె గదమ్మా! ఖాళీ గిన్నెను పట్టుకొని నిండిందంటే ఎట్ల?”

నాకూ కరీంనగర్లో ‘ఒడిసింది’ అన్న మాటే అలవాటు. అందరితో పాటు నేనూ నవ్వుతున్నాను. భాయ్ నవ్వు మాత్రం ఆగిపోయింది.

“తమ్మీ, మేడమ్ సుత గిదే మాటన్నది. కవర్లు నిండుకున్నయండీ అన్నది.”

చేతులు కడుక్కుని పక్కనున్న ఎస్టీడీ బూత్‌లోకి దూరాం.

“మేడమ్, ఇప్పుడు యాంటెనా మీద కవరు ఉందా?”

“నిండుకున్నాయని చెప్పాను కదండీ. కొత్తవి వచ్చాక పెడదామని ఆగాను.”

“అంటే లేదు.”

“ఏంటండీ, ఆ మాట నా నోటితోనే అనిపించాలా?”

“అనొద్దు మేడమ్, రాసి పంపండి చాలు. నాలుగు ఇంగ్లీషు అక్షరాలు.”

“ఇంగ్లీషులో అయితే దోషం లేదు లెండి.”

భాయ్ రిసీవరు లాక్కున్నాడు. “మాఫ్ చెయ్యుండ్రి మేడమ్, నేనే ఉల్టా సమజ్ చేసుకున్న.”

సాయంత్రానికి ఫ్యాక్స్ వచ్చింది, ఆ గడిలో నాలుగు అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కవరు తీసిన తేదీ నుంచి లెక్క మళ్ళీ వేస్తే స్టేషను తన చోటికి దిగివచ్చింది. శుక్రవారం సమావేశంలో దాని ఊసే రాలేదు.

కొన్నాళ్ళకు మేడమ్ ఫోన్ చేశారు. కొత్త కవర్లు వచ్చాయట.

“వచ్చినయా, పెట్టిన్రా?” భాయ్ ఇప్పుడు అలాగే అడిగేవాడు. “కండ్లతోటి చూసి చెప్పుండ్రి మేడమ్.”

“సెల్ ఫోన్ కొన్నానండీ, డాబా మీంచే మాట్లాడుతున్నా. ఇదిగో, కవరు మీద నా చెయ్యి కూడా ఉంది.”

“అయ్యో, చెయ్యి తియ్యుండ్రి మేడమ్,” అన్నాడు భాయ్, “సిగ్నల్‌కు అడ్డమైతది.”