ఇనుముకు చింతపండు

నా చిన్నప్పుడు చింతపండుకు లొంగని మురికి ఈ లోకంలో లేదని నాకు గట్టి నమ్మకం. మా ఇంట్లో ఇత్తడి బిందెలు, రాగి అండా, చర్చిలో కానుకలు పట్టే ఇత్తడి పళ్ళెం, అన్నీ నా చేతి మీదుగానే తళతళలాడేవి. చారుకు పిసికేసిన చింతపండు పిప్పిని మా అమ్మ పారేయనిచ్చేది కాదు. దాంట్లో గుప్పెడు ఉప్పు కలిపి టెంకాయ పీచుతో రుద్దడంలో, పదేళ్ళకే నన్ను మించినవాళ్ళు మా లైనులో లేరు. ఆదివారం పాస్టరమ్మ ఆ పళ్ళెంలో తన ముఖం చూసుకుని "ఎవురమ్మా తోమింది?" అని అడగడం పూర్తి కాకముందే నేను చెయ్యెత్తేదాన్ని. ఆ గర్వమే నా కొంప ముంచింది. నా కొంప ఒక్కటే అయితే పోనీలే అనుకోవచ్చు, మా మామ కొంప కూడా ముంచబోయింది.

మా మామ అంటే మా అమ్మ తమ్ముడు. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి వ్యానుకు డ్రైవరు. మా అమ్మ అదే ఆసుపత్రిలో ఆయా. అందరం ఆసుపత్రి వెనక లైను ఇళ్ళలోనే ఉండేవాళ్ళం. వారానికి రెండు రోజులు డాక్టరమ్మ ఆ వ్యానులో పుంగనూరుకు, అక్కడి నుంచి పెద్దపంజాణి పక్క పల్లెలకు పోయి రోగులను చూసి వచ్చేది. యుద్ధం వచ్చి పెట్రోలు దొరకడం గగనమయ్యాక వ్యాను షెడ్డులో నిలబడిపోయింది. మామ స్ట్రెచర్లు మోస్తూ, తోటలో మొక్కలకు నీళ్ళు పోస్తూ రోజులు గడిపాడు. సాయంత్రమైతే షెడ్డులోకి పోయి, కదలని వ్యానులో స్టీరింగు ముందు కాసేపు కూర్చుని వచ్చేవాడు. అది చూసి మా అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకునేది.

ఆ రోజుల్లో బస్సుల వెనక పెద్ద ఇనప పీపా తగిలించి, దాంట్లో బొగ్గు కాల్చి, ఆ గ్యాసుతో ఇంజను నడిపేవాళ్ళు. మా పక్క జనం దాన్ని బొగ్గుపొయ్యి అనేవాళ్ళు. సముద్రపు ఒడ్డు ఊళ్ళలో తిరిగి తిరిగి మూలపడిన ఒక బస్సు నుంచి విప్పిన పొయ్యిని మామ ఎట్లాగో సంపాదించాడు. అది ఎద్దులబండి మీద వచ్చి దిగగానే ఆయన చేసిన మొదటి పని ఏమిటో చెబితే మీరు నమ్మరు. దాన్ని నాకాడు! మూత అంచును ఒకసారి, బోల్టులను ఒకసారి నాకి, తుపుక్కున ఉమ్మి, సలసల కాగే నీళ్ళు తెప్పించి దాని మీద పోయించాడు. మళ్ళీ నాకాడు. మళ్ళీ నీళ్ళు పోశాడు. మేము పిల్లలం పొట్ట పట్టుకుని నవ్వాము.

"యాల మామా, ఇనుమును నాకుతావు?" అని అడిగాను.

"రుసి సూస్తాండానే పాపా. ఉడికిందా లేదా అని" అని తనూ నవ్వేశాడు. అక్కడితో ఆ మాట అయిపోయింది.

పొయ్యి వ్యానుకు ఎక్కింది, వ్యాను కదిలింది. కానీ డాక్టరమ్మకు దాని మీద మనసు లేదు. ఆ మసిపీపాను చుట్టూ తిరిగి చూసి, ముక్కు చిట్లించింది. "చూడప్పా, రోగులను ఎక్కించుకుని నడిదారిలో నిలబడితే నేను ఎవరికి జవాబు చెప్పుకోవాలి? క్రిస్మస్ దాకా చూస్తాను. ఈ లోపల ఒక్కసారి దారిలో నిలబడినా వ్యానును అమ్మేస్తాం" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. వ్యాను పోతే డ్రైవరు పనీ పోతుంది. మామ మాత్రం చేతులు కట్టుకుని "నిలబడదమ్మా, నాదీ పూచీ" అన్నాడు.

మదనపల్లె చలి సంగతి ఎండ దేశాల వాళ్ళకు తెలియదు. కార్తీకం ముసురు వదలకముందే మార్గశిరం మంచు దిగుతుంది. పొద్దున ఎనిమిదైనా ఎదుటి మనిషి కనిపించడు. గోడలు చెమ్మగిల్లుతాయి, దండెం మీద చీరలు మూడు రోజులైనా ఆరవు. ఇనుముకు అంతకంటే శత్రువు లేదు. పొయ్యి మూత గాలి దూరకుండా కూర్చుంటేనే గ్యాసు ఇంజనుకు పోతుంది. మూత బోల్టులు తుప్పుకు బిగుసుకుంటే దారిలో మూత తెరుచుకోదు, బొగ్గు వేయడం కుదరదు, బండి అక్కడే నిలబడుతుంది. అందుకే మామ వ్యాను తెచ్చిన ప్రతి సాయంత్రం, పొయ్యి వెచ్చగా ఉండగానే, మూతకూ బోల్టులకూ ఆముదంలో మైనం కరిగించి పలచగా పూసేవాడు. పసిబిడ్డకు నూనె రాసినట్టు రాసేవాడు. తర్వాత గోనెపట్టలు కప్పేవాడు. మా నాయన బతికున్నా నన్ను అంత ముద్దుగా చూసుకునేవాడు కాదేమో అని నాకు ఆ పొయ్యి మీద కొంచెం కుళ్ళు కూడా ఉండేది.

క్రిస్మస్ ఇంకా పది రోజులుందనగా మామ బొగ్గు కోసం బస్సెక్కి కుప్పం పోయాడు. మా ఊళ్ళో అమ్మే బొగ్గు ముసురుకు తడిసి పొగ కక్కుతోందని, రామకుప్పం పక్క అడవి కట్టె బొగ్గు తానే చూసి తెస్తానన్నాడు. రెండు రోజుల్లో వస్తానని, వచ్చిన మర్నాడే డాక్టరమ్మను పుంగనూరుకు తీసుకుపోవాలని చెప్పాడు. పోతూ పోతూ నాతో అన్నది ఒకటే మాట. "పాపా, పొయ్యి మింద గోనెపట్ట తీయొద్దు."

తీయొద్దన్నాడు. నేను తీశాను. డాక్టరమ్మ ముక్కు చిట్లించడం నా కళ్ళలోనే ఉంది. ఆ మసిపొయ్యి చర్చి పళ్ళెంలాగా మెరిస్తే ఆమె మనసు మారదా, మామ పని నిలబడదా? అదీ నా లెక్క. ఇంత ఘనకార్యం చేయగలిగినదాన్ని ఇంట్లో నేను తప్ప ఎవరున్నారు! మూత మీది నూనెను బూడిదతో గీకేశాను. చింతపండు పిప్పి, రెండు గుప్పెళ్ళ ఉప్పు కలిపి, మూత, బోల్టులు, గొట్టం కలిసే చోట ఉండే కట్లు, దేన్నీ వదలకుండా చేతులు మండేదాకా తోమాను. ఓహో, వెండిలాగా మెరిసింది! కడిగి, పావడా అంచుతో తుడిచి, దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూసుకుని మురిసిపోయాను.

ఆ రాత్రంతా తుంపర. పొద్దున లేవగానే పోయి గోనెపట్ట ఎత్తాను. వెండి లేదు, ఏమీ లేదు. ఇటుకపొడి చల్లినట్టు మూతంతా ఎర్రగా ఉంది. నా బుద్ధి చూడండి, చింతపండు తక్కువైందనుకుని ఇంకా ఎక్కువ వేసి మళ్ళీ తోమాను. మధ్యాహ్నానికి మొదటికంటే ఎర్రబడింది. అప్పుడు నిజంగా భయం వేసింది. మామ ఆముదం పూయడం చూశాను కదా అని ఆముదంలో దీపం మసి కలిపి తుప్పు మీద మందంగా పట్టించాను. నల్లగా, నున్నగా, కొత్తదానిలాగా కనిపించింది. గోనెపట్ట కప్పేసి, చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు ఇంట్లోకి పోయాను.

మర్నాడు మధ్యాహ్నం మామ బొగ్గు మూటలతో దిగాడు. పట్ట తీసి చూసి, "ఎవురు పాపా నూనె పెట్టింది, నువ్వేనా? శభాష్!" అన్నాడు. నిజం చెబుతున్నాను, ఆయన తిట్టి ఉంటే నాకు అంత నొప్పి అనిపించేది కాదు. నేను తల ఊపాను. ఆయన ఒక బోల్టుకు స్పానరు పెట్టాడు. అది కదల్లేదు. ఇంకొకటి. అదీ అంతే. మామ ముఖంలో నవ్వు పోయింది. గుడ్డతో ఆ నూనెను తుడిచి, వంగి, మూత అంచుకు నాలుక ఆనించాడు.

ఆయన లేచి స్పానరు కింద పెట్టాడు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి, "నువ్వూ సూడు పాపా" అన్నాడు. నాలుక పెట్టాను. ఉప్పు, పులుపు. మా ఇంటి వంటింటి రుచి. ఇంకేముంది, భోరుమన్నాను. మెరిస్తే డాక్టరమ్మకు నచ్చుతుందనుకున్నానని, ఎర్రబడితే మసి పూశానని, వెక్కుతూ అంతా కక్కేశాను. రేపు దారిలో మూత రాకపోతే నీ పని పోతుంది మామా అని ఆయన కాళ్ళు పట్టుకున్నాను.

మామ నన్ను కొట్టలేదు. గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. తల గోక్కుని, "ఏడిస్తే ఆ నీళ్ళలో కూడా ఉప్పే ఉంటాది, దీని మింద పడనీకు. పోయి అండా కింద మంట పెట్టు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన చేసిన పని ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టుంది. కిరసనాయిలు పోసి నానబెట్టి, సుత్తితో సుతారంగా తట్టి, బోల్టులన్నీ ఒక్కటి కూడా విరగకుండా విప్పాడు. ఇటుకపొడితో తుప్పు గీకించాడు. పులుపు విరగడానికి బూడిద నీళ్ళు, ఉప్పు పోవడానికి కాగే నీళ్ళు. తుప్పు పట్టిన ఇనుము మీద మళ్ళీ నీళ్ళేమిటి మామా అని అడిగాను. ఈసారి ఆయన నవ్వలేదు. పని ఆపి, కింద కూర్చుని, నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. ఉప్పు చెమ్మను పిలుస్తుందట. నూనె కింద ఉప్పు ఉంటే, నూనె పైన కాపలా కాస్తుంటే లోపల తుప్పు తింటూనే ఉంటుందట. ఇత్తడికి మంచి చేసే పులుపు ఇనుమును కొరుకుతుందట. సముద్రం గాలి తిన్న పొయ్యిని ఆ రోజు నాకింది ఉప్పు పోయిందా లేదా చూడ్డానికేనట. కడగడం, నాకడం, మళ్ళీ కడగడం. నాలుగోసారి నాలుకకు వట్టి ఇనుము రుచే తగిలింది. అప్పుడు ఒక్కొక్కదాన్నీ నిప్పుల మీద చెయ్యి పెట్టలేనంత వేడి చేసి, చెమ్మంతా పోయాక, వేడి మీదనే ఆముదం మైనం పలచగా రుద్దాము.

పొద్దు వాలే వేళకు డాక్టరమ్మ షెడ్డు పక్కకు వచ్చింది. నేల మీద పరిచిన బోల్టులను చూసి ఆమె ముఖం మారిపోయింది.

"ఏమప్పా, తెల్లారితే ప్రయాణం. అంతా విప్పి పెట్టినావే?"

నా చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. ఇంక చెప్పేస్తాడు, చెప్పక ఏం చేస్తాడు, చెప్పినా న్యాయమే అనుకున్నాను. మామ లేచి నిలబడి చేతులు తుడుచుకున్నాడు.

"తప్పు నాదేనమ్మా. ఇనుమును యాల నాకుతావని పాప అడిగింది. నేను ఎగతాళి చేసి ఊరుకుంటిని. ఆ పొద్దే సెప్పింటే ఇంట్లో ఎవురూ దీనికి చింతపండు పెట్టుండరు."

డాక్టరమ్మ నా చేతుల వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "రేపు నిలబడితే నా మాట నా మాటే" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

మర్నాడు మంచులోనే వ్యాను కదిలింది. నేను బడికి పోలేదు. ఆసుపత్రి గేటు దగ్గర రాతి మీద కూర్చుని, నాకు వచ్చిన ప్రార్థనలన్నీ చేశాను. అయిపోయాక మొదటి నుంచి మళ్ళీ చేశాను. మా అమ్మ గంజి తెచ్చినా తాగలేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆ పొయ్యి పొగ వాసన ముందు వచ్చింది, తర్వాత వ్యాను వచ్చింది. పెద్దపంజాణి నుంచి ఒక బాలింతను కూడా ఎక్కించుకుని వచ్చారు. మామ దిగి నా దగ్గరికి వచ్చి, నల్లటి చెయ్యి నా నెత్తిన పెట్టాడు. "పుంగనూరులో మూత తీసినా పాపా. వేలితోనే తిరిగినాయి బోల్టులు" అన్నాడు. వ్యాను క్రిస్మస్ దాటింది. యుద్ధం అయిపోయేదాకా నడిచింది. మామ డ్రైవరుగానే ముసలివాడయ్యాడు.

నేను నర్సునయ్యాను. తర్వాత వేరే ఊళ్ళో పెద్ద నర్సునయ్యాను, గొంతు కూడా బాగా పెద్దదైంది. నా వార్డులో పని నేర్చుకునే ఆడపిల్లలు నా చెప్పుల చప్పుడుకే దడుచుకునేవాళ్ళు. ఒకనాడు దూది డబ్బా అడుగున పగిలిన థర్మామీటరు ముక్కలు దొరికాయి. కత్తెరలు, సూదులు మరగబెట్టడం చూసిన ఒక కొత్త పిల్ల, ఇంకా శుభ్రంగా ఉంటుందని దాన్ని కూడా మరిగే నీళ్ళలో వేసింది. వేడికి లోపలి పాదరసం ఉబ్బి అది పగిలింది. భయపడి దూది కింద దాచింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిచాను. తెరిచిన నోట్లో ఎక్కడి నుంచో ఉప్పు, పులుపు తగిలాయి.

కత్తెరను మరగబెట్టమన్నాను. థర్మామీటరును ఎందుకు మరగబెట్టకూడదో ఈ పిల్లకు నేను చెప్పానా? లేదు, చెప్పలేదు. అప్పటి నుంచి ఎవరి చేతిలో ఏది చెడినా నన్ను నేను ముందు అడిగే ప్రశ్న అదే. ఈ వయసులో మనవళ్ళ దగ్గర కూడా అదే.

ఆ రోజు మేట్రన్ గదికి నేనే పోయాను. "థర్మామీటరు పగిలిందండీ. తప్పు నాది, చెప్పాల్సింది చెప్పలేదు" అన్నాను. వెనక్కి తిరిగితే ఆ పిల్ల తలుపు పక్కన నిలబడి ఉంది, అంతా విన్నది. ఆమె ముఖం చూశాక గానీ, ఆ సాయంత్రం షెడ్డులో నా ముఖం మా మామకు ఎట్లా కనిపించి ఉంటుందో నాకు తెలియలేదు.