హైడ్రో టెస్టు చేసిన గ్రాఫిక్స్ కార్డు

రిటైర్మెంటుకు సరిగ్గా పద్నాలుగు నెలల ముందు, ఏప్రిల్ మొదటి సోమవారం నాడు నన్ను కూలింగ్ వాటర్ సెక్షన్ నుంచి ట్రైనింగ్ సెంటరుకు డిప్యుటేషన్ మీద పంపారు. ఆర్డరులో కారణం 'పరిపాలనా సౌలభ్యం' అని ఉంది. అసలు కారణం నా కుడి మోకాలు. ముప్పై ఏళ్లు పంపు హౌసు మెట్లు ఎక్కి దిగి అది ఇక నా వల్ల కాదంది. దానితో పాటు మిగతా ఒంటిని కూడా పంపించేశారు. బొగ్గుతో కరెంటు తీసే మా ప్లాంటు రాయచూరు జిల్లాలోది అని మాత్రం చెబుతాను. పేరు రాయను, పెన్షను ఇంకా వస్తూ ఉంది.

నా హోదా మాస్టర్ ఫిట్టరు. చదువు ఎనిమిదో తరగతి, అది కూడా పరీక్షలకు ముందే ఆపింది. ఫిట్టరు మీద ఫోర్‌మన్, ఆయన మీద జేఈ అనే జూనియర్ ఇంజనీరు, ఆయన మీద ఏఈఈ, అందరి మీద ఈఈ అనే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. ఈ నిచ్చెనలో నన్ను వెతకాలంటే కింది నుంచి మొదలుపెట్టడం మేలు, తొందరగా దొరుకుతాను.

ట్రైనింగ్ సెంటరులో సిమ్యులేటర్ గది ఉండేది. ప్లాంటు కంట్రోల్ రూముకు నకలు అది. అవే డెస్కులు, అవే తెరలు, అవే ఎర్ర బటన్లు. వెనక బాయిలరు, టర్బైను మాత్రం ఉండవు, రెండు కంప్యూటర్లు ఉంటాయి. ఒకటి బాయిలరు వైపు తెరలకు బొమ్మలు గీస్తుంది, రెండోది టర్బైను వైపు తెరలకు. గీసే పని లోపలున్న గ్రాఫిక్స్ కార్డుది. చూడబోతే చెక్కపలకంత ఉండదు, వేడెక్కితే మాత్రం దాని మీద జొన్నరొట్టె కాల్చుకోవచ్చు. చల్లబరచడానికి దానికి చిన్న ఫ్యాన్లు ఇచ్చారు. మా గాలిలో బొగ్గు బూడిద పాలు ఎక్కువ. రెండు నెలలకే ఆ ఫ్యాన్లు బూడిద పూసుకున్న సాధువుల్లా కదలకుండా కూర్చునేవి. పైగా రాయచూరు ఎండాకాలం. గదిలో ఏసీ కూడా మధ్యాహ్నం పూట సెలవు పెట్టేది. కార్డు వేడి హద్దు దాటగానే ఆ వైపు తెరలన్నీ నల్లబడేవి. మా భాషలో దాన్ని ట్రిప్ అవడం అంటారు.

ఈ ట్రిప్పుల వల్ల నష్టపోయిన మనిషి యశోద. మట్మారి ఊరి అమ్మాయి, డిప్లొమా చదివి బూడిద సెక్షనులో ఆపరేటరుగా చేస్తోంది. కంట్రోల్ రూములో డెస్కు మీద కూర్చోవాలంటే సిమ్యులేటరు మీద పరీక్ష పాసై ఆథరైజేషన్ తెచ్చుకోవాలి. రూలు ప్రకారం మూడే అవకాశాలు. మొదటిసారి పరీక్ష మధ్యలో తెరలు నల్లబడ్డాయి. రెండోసారీ అంతే. రెండుసార్లూ కమిటీ రికార్డులో రాసింది ఒకే వాక్యం: 'అభ్యర్థి పరీక్ష పూర్తి చేయలేదు.' తప్పు కార్డుదే, కానీ కార్డుకు మెమో ఇచ్చే పద్ధతి మా దగ్గర లేదు. మూడో అవకాశం మే నెలాఖరులో. అదీ పోతే ఆమె సర్వీసంతా బూడిదలోనే.

నేను చేరిన రోజే ఆమె వచ్చి పక్కన నిలబడింది.

"నర్సన్నా, నువ్వు నీళ్ల సెక్షనోడివంట గదా. ఈ డబ్బకు నీళ్లు పెట్టనీకె వస్తదా?"

"ఇల్లంత కండెన్సరుకే నీళ్లు పెట్టిన. దీనికేముంది, చెంచాతోటి తాపుత."

"తమాషా జెయ్యకన్నా. ఈసారి గిట్ల ఇది సస్తే నేను బూడిదలనే రిటైరైత."

నేను కంప్యూటరు మూత విప్పి లోపలికి చూశాను.

కార్డుకు నీళ్లతో చల్లదనం ఇచ్చే దారులు రెండు. ఒకటి, ఫ్యాక్టరీలోనే అన్నీ బిగించి వచ్చేది. కార్డు మీద రాగి బ్లాకు, అందులోనే పంపు, రెండు ట్యూబులు, చివర చిన్న రేడియేటరు. లోపల ద్రవం నింపి సీలు వేసి ఉంటుంది. రెండోది, ఈ ముక్కలన్నీ విడివిడిగా తెప్పించి మన చేత్తో కట్టుకునేది.

కట్టుకుందాం అన్నది మా జేఈ శ్రీకాంత్. సింధనూరు వైపు కాలవ క్యాంపు కుర్రవాడు. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి వరి పెట్టారు, మాట ఇంకా అక్కడిదే. "రెడీమేడ్‌దాంట్లో ఏవుందండి బాబాయ్, మూసేసిన డబ్బా. మనం కట్టుకుంటే పంపు పోతే పంపే మార్చుకుంటాం, ట్యూబు పోతే ట్యూబే" అనేవాడు. సీలుదే కావాలన్నది ఈఈ సాహేబ్రు. ఆయన కన్నడం మనిషి, నాతో మాట్లాడేటప్పుడు తెలుగును కూడా కన్నడంలోనే మాట్లాడేవారు. "రెడీదే ఇర్లి, అదే ఉండనీ. వారంటీ ఉంటది. ఏమన్నా అయితే కంపెనీవాడు జవాబు చెప్పలి, మనం కాదు" అన్నారు. ఆయన సర్వీసులో కొన్న ప్రతి వస్తువును ఈ ఒక్క గుణం చూసే కొన్నారు.

రెండు వారాలు ఫైలు తిరిగింది. చివరకు ఎవరి మాటా పోకుండా రెండూ తెప్పించారు. బాయిలరు కంప్యూటరుకు రెడీమేడు, టర్బైను కంప్యూటరుకు చేతికట్టు.

చేతికట్టు పని నాదీ శ్రీకాంత్‌దీ. కార్డు చిప్పు మీద వేడి దాటించే పేస్టు పూయాలి. అతను దోసె మీద వెన్నలా దట్టించబోతే ఆపాను, కందిగింజంత చాలు. బ్లాకు నాలుగు స్క్రూలు వరుసగా బిగించబోతే మళ్లీ ఆపాను. పైపు ఫ్లాంజి బోల్టులకైనా దీనికైనా ఒకటే పద్ధతి, మూలకు మూల ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా. నీళ్లు నింపే సీసాను అన్నిటికంటే పైన పెట్టించాను, గాలి ఎక్కడున్నా పైకే వస్తుంది కాబట్టి. పార్సిలులో వచ్చిన క్లిప్పులు నచ్చక రాయచూరు తీన్ కందీల్ చౌరస్తా దగ్గర ఆటో స్పేర్ల దుకాణంలో మంచివి తెచ్చాను. ఆ తర్వాత కార్డుకు కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే ఒక రోజంతా నడిపాం. కింద పాత పేపరు పరిచాం, చుక్క పడితే మరక చూపిస్తుంది. మొదటి రోజు పేపరులో పెళ్లి సంబంధాల పేజీ తడిసింది. క్లిప్పు బిగించాం. రెండో రోజు పొడి.

రెడీమేడు బిగించడానికి అరగంట కూడా పట్టలేదు. రేడియేటరును డబ్బా ముందు భాగంలో కిందికి రెండు స్క్రూలతో పెట్టి స్విచ్ వేస్తే అయిపోయింది. చప్పుడు లేదు, కారడం లేదు, నింపేది లేదు. వారం రోజులు చేతికట్టు కంటే చల్లగా నడిచింది. గంట గంటకు లాగ్ బుక్కులో టెంపరేచరు రాయమన్నారు, ప్రతి గంటా అదే అంకె. ఫిట్టరుకు చేయడానికి ఏమీ మిగల్చని ఇలాంటి యంత్రాన్ని చూస్తే పెళ్లికి పిలిచి విస్తరి వేయనట్టు ఉంటుంది. అయినా మంచిదాన్ని మంచిదనే అనాలి. దాన్ని అలా వదిలేసి ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు.

పరీక్షకు పది రోజుల ముందు ఈఈ సాహేబ్రు ఫైలు తిరగేసి ఒక లోపం పట్టుకున్నారు. మా దగ్గర నీళ్లు ప్రెషరుతో తిరిగే ఏ పరికరాన్నైనా సర్వీసులో పెట్టే ముందు, పని ప్రెషరుకు ఒకటిన్నర రెట్లు పెట్టి అరగంట నిలిపి చూడాలి. దాన్ని హైడ్రో టెస్టు అంటారు. చేతికట్టుకు నింపే మూత ఉంది కాబట్టి టెస్టు అయిపోయింది, సర్టిఫికెటు ఫైల్లో ఉంది. రెడీమేడుకు లేదు. దానికి చిల్లే లేదు, చేతి పంపు ఎక్కడ తగిలించాలి?

"లేకుంటే పెట్టు" అన్నారు.

"సాహేబ్రే, వారంటీ కాగితం మీద తెరవరాదని ఉంది."

"వారంటీ కాగితం కంపెనీది. టెస్టు సర్టిఫికెట్ మనది. ఆడిట్ వచ్చినప్పుడు ఏది అడుగుతారు?"

జవాబు చెప్పడానికని ఎంచుకున్న కంపెనీని ఆ ఒక్క మాటతో వదిలేశారు. నేను ఇంకా గట్టిగా అడ్డుపడి ఉండవచ్చు. పడలేదు. ముప్పై ఏళ్లలో నేను విప్పని వాటర్ లైను అదొక్కటే, చేతికి దురదగా ఉంది.

ట్యూబు కోసి మధ్యలో టీ జాయింటు వేసి చేతి పంపు తగిలించాను. పని ప్రెషరు ఎంతో ఎవరికీ తెలియదు, చేతికట్టుదే నకలు రాశాం. అరగంట నిలిచింది. సర్టిఫికెటు మీద టెస్టు చేసినవాడిగా నేను, ఆమోదించినవారిగా ఈఈ సాహేబ్రు సంతకాలు పెట్టాం. తర్వాత డీఎం వాటరు నింపాను. లవణాలన్నీ తీసేసి బాయిలరుకు పోసే నీళ్లు అవి, మా ప్లాంటులో వాటికంటే మర్యాదస్తులు లేరు. కానీ ఫ్యాక్టరీవాళ్లు లోపలి గాలంతా లాగేసి నింపుతారు. నేను గరాటు పెట్టి నింపాను. గాలి పోవడానికి పైన సీసా లేదు, వెంటు లేదు. స్విచ్ వేయగానే కార్డు గుడగుడమంది. పంపులోకి గాలి వచ్చినప్పుడు నీళ్లు కదలవు, నీళ్లు కదలకపోతే వేడి పోదు. పెద్ద పంపులలో ఈ చప్పుడు విని పరిగెత్తినవాణ్ణి, ఇక్కడ నేనే తెచ్చిపెట్టాను.

ఈఈ సాహేబ్రుకు చెప్పాను. పరీక్ష వాయిదా వేయవచ్చు, అయితే రూలు ప్రకారం వాయిదా కూడా ఒక అవకాశం కిందికే వస్తుంది అన్నారు. అంటే యశోద పని అయిపోయినట్టే. పైగా సర్టిఫికెటు వచ్చిన పరికరంలో గాలి ఉండదు అని కూడా అన్నారు. గాలికి ఆ సంగతి తెలియదు.

అప్పుడు నాకు మిగిలింది నా టిఫిన్ డబ్బా. దాన్ని కంప్యూటరు ముందు భాగం కింద పెట్టి ఎత్తితే లోపలి రేడియేటరు పంపు కంటే పైకి వచ్చింది. గాలి పంపును వదిలి రేడియేటరు నెత్తి మీదికి చేరింది. గుడగుడ ఆగింది. టెంపరేచరు దిగింది. శ్రీకాంత్ చూసి, "ఇది ఏ మాన్యువల్లో ఉందండి బాబాయ్?" అన్నాడు. "కింద పేజీల ఉంది, కూరన్నం మరకలతోని" అన్నాను.

యశోదకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె వంగి ఆ డబ్బాను వేలితో తట్టింది.

"అంటే నా నౌకరి ఇప్పుడు నీ డబ్బా మీద నిలవడ్డదా అన్నా?"

"డబ్బా మంచిదే, స్టీలుది. కానీ ఒకవేళ తెర పాయెననుకో, చేతులు తీసి కూసోకు. పూర్తి చేయలేదని రాసేది చేతులు తీసినోళ్ల గురించే."

పరీక్ష ఉదయం పదిన్నరకు మొదలైంది. బాయిలరు డెస్కు దగ్గర యశోద, టర్బైను డెస్కు దగ్గర ట్రైనింగ్ సెంటరు ఆపరేటరు ఒకాయన. వెనక కుర్చీలలో కమిటీ ముగ్గురు, మధ్యలో ఈఈ సాహేబ్రు. పక్క గదిలో శ్రీకాంత్. ఆపరేటరు ఫోను చేస్తే బాయిలరు దగ్గర నిలబడ్డవాడిలా అక్కడి గేజీలు చూసి చెప్పాలి, అది అతని పాత్ర. నేను ఏసీ చూసే నెపంతో గోడ దగ్గర ఉన్నాను. గంట సేపు అంతా సాఫీగా నడిచింది. అప్పుడు ఈఈ సాహేబ్రు కాళ్లు చాపారు. డెస్కు వెనక నేల మీదున్న కంప్యూటరు కింద బూటుకు ఏదో తగిలింది. వంగి చూశారు.

"ఇదేంది, ఊటద డబ్బి పరీక్ష రూంల?"

"సాహేబ్రే, అది అట్లనే ఉండనీండి" అన్నాను. ఎందుకు అని అడిగారు. నిజం చెబితే సర్టిఫికెటు అబద్ధం అవుతుంది, పరీక్ష అక్కడే ఆగుతుంది. నేను నోరు తెరిచే లోపలే ఆయన కాలితో డబ్బాను ఇవతలికి లాగారు. కంప్యూటరు చదునుగా కూర్చుంది. గుడగుడ మొదలైంది. ఏడెనిమిది నిమిషాలకు బాయిలరు వైపు తెరలన్నీ నల్లబడ్డాయి.

కమిటీలో ఒకాయన పెన్ను మూత తీశారు. ఏ వాక్యం రాయబోతున్నారో గదిలో అందరికీ తెలుసు.

యశోద మాత్రం వెనక్కి తిరగలేదు. ఫోను ఎత్తింది. "బాయిలర్ డెస్క్ నుంచి మాట్లాడుతున్న. నా తెరలు పోయినయ్. డ్రమ్ములో నీళ్ల మట్టం గేజి చూసి చెప్పండి." అవతల శ్రీకాంత్ ఒక క్షణం తడబడి అంకె చెప్పాడు. ఆమె కాగితం మీద రాసుకుంది. లోడు పెంచవద్దని టర్బైను డెస్కుకు చెప్పింది. నిమిషం నిమిషానికి మట్టం అడిగింది. తెరలు రాలేదు. నియమం ప్రకారం ఆగవలసినంత సేపు ఆగి, తెరతో పని లేకుండా నేరుగా తీగతో కలిపిన ఎర్ర బటను నొక్కి బాయిలరును భద్రంగా ఆపింది. టైము చూసి లాగ్ బుక్కులో రాసింది. అప్పుడు కుర్చీ తిప్పి, "యూనిట్ సేఫ్ సర్" అంది.

పెన్ను పట్టుకున్నాయన ఇప్పుడేం రాయాలి అని అడిగారు. పరికరం చెడిపోయిందని రాస్తే, దానికి సర్టిఫికెటు ఇచ్చింది ఎవరు అనే ప్రశ్న వస్తుంది. అభ్యర్థి పూర్తి చేయలేదని రాయడానికి ఆమె ఏదీ మిగల్చలేదు. ఈఈ సాహేబ్రు సగం కప్పు చాయ్ తాగేంత సేపు ఆలోచించి చెప్పి రాయించారు: 'డిస్‌ప్లే వైఫల్య డ్రిల్లు నిర్వహించబడినది. అభ్యర్థి స్పందన సంతృప్తికరం.'

తర్వాత నా వైపు చూశారు. "నర్సింహులూ, డ్రిల్లు ముందే అనుకున్నదే కదప్పా?"

"అవును సాహేబ్రే. మీరే మొదలువెట్టిరి గదా, కాలితోని."

ఆయన నవ్వలేదు. సంతకం పెట్టారు. మరుసటి నెల యశోద డెస్కు మీద చేరింది.

రికార్డులోకి ఎక్కింది కాబట్టి తర్వాతి బ్యాచి నుంచి ఆ డ్రిల్లు ప్రతి అభ్యర్థికీ తప్పనిసరి అయింది. దాని కోసం ఆఫీసు ఆర్డరు వచ్చింది: చైర్మన్ సైగ చేసినప్పుడు మాస్టర్ ఫిట్టరు డబ్బాను తొలగించవలెను. డబ్బాకు ట్యాగు నంబరు వేశారు. నేను మిగిలిన సర్వీసంతా అన్నం పేపరులో కట్టుకుని పోయాను. చేతికట్టు కార్డు నేనున్నన్నాళ్లూ నడిచింది, పదిహేను రోజులకొకసారి సీసాలో నీళ్లు పోసేవాణ్ణి. నేను వచ్చేశాక సీసా ఎండిపోయి అది ఆగిందని శ్రీకాంత్ ఫోనులో చెప్పాడు.

ఏది మంచిది అని ఇప్పటికీ కొందరు అడుగుతారు. రెడీమేడు కొనాలంటే దాన్ని ముట్టకుండా వదిలేసే ఆఫీసు ఉండాలి. చేత్తో కట్టుకోవాలంటే దాని పక్కన కూర్చునే మనిషి ఉండాలి. మా దగ్గర మొదటిది ఎప్పుడూ లేదు, రెండోది రిటైరైంది.