కలపని మజ్జిగ

మొన్న శుక్రవారం పొద్దున్నే అల్లుడు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "అత్తమ్మా, నాయన పోయినాడు" అన్నాడు. పోయినాయన నాకు వియ్యంకుడు. నన్ను చెల్లెమ్మా అనేవారు, నేను అన్నయ్యగారూ అనేదాన్ని. కువైట్‌లో, ఎగైలాలోని ఈ ఫ్లాటులో పిల్లల దగ్గరే ఇద్దరమూ ఉన్నాం.

ఆయన కడప మనిషి, నీటి ఇంజనీరు. కువైట్‌లో నది లేదు, కానీ ఆయన పనంతా నదితోనే. ఉత్తరాన రెండు పొరుగు దేశాల మీదుగా పారి సముద్రంలో కలిసే నది అది. ఎగువ దేశం నీళ్లు తగ్గిస్తే సముద్రపు ఉప్పు నదిలోకి ఎగబాకి, దిగువ దేశం ఖర్జూరతోటలు ఎండిపోతాయి. ఉప్పు హద్దు దాటినప్పుడు ఎగువ దేశం గేట్లెత్తి నీళ్లు వదలాలని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. ఇరువైపులవాళ్లూ పట్టిన నీళ్లు పరీక్షకు ఇక్కడ సబ్హాన్‌లో ఆయన ల్యాబుకు వచ్చేవి.

నాకు ఏ వస్తువైనా తీసినచోటే పెట్టాలి. ఆయన చొక్కాజేబులో ఎప్పుడూ నీళ్లు పట్టే ఓ ఖాళీ సీసా. ఒకసారి అది వాషింగ్ మెషీన్లో పగిలి, బట్టలన్నీ గాజుముక్కలు. నేను కేకలేస్తుంటే ఆయన పక్కన కూర్చుని ముక్కలు ఏరుతూ, "అరుచు చెల్లెమ్మా, తప్పు నాదే" అన్నారు. ఇంక ఏమని అరుస్తాను?

ఒక వేసవిలో రెండువైపుల సీసాలకూ పొంతన కుదరలేదు. ఎగువవాళ్ల నీళ్లు తియ్యగా ఉన్నాయి, దిగువవాళ్లవి ఉప్పుగా ఉన్నాయి. ఒకరినొకరు దొంగలన్నారు. ఒప్పందమే దండగని తన ప్రభుత్వానికి రాస్తానన్నాడు ఎగువ ఇంజనీరు. రాస్తే గేట్లు లేవవు. దిగువ ఇంజనీరు తండ్రి తోట నది ఒడ్డునే ఉంది.

సమావేశానికి కువైట్ వచ్చిన ఇద్దరినీ అన్నయ్యగారు భోజనానికి పిలిచారు. వంటింట్లోకి వచ్చి, "మజ్జిగలో రాళ్లుప్పు వెయ్యి చెల్లెమ్మా. కలపాకు" అన్నారు.

"వచ్చినవాళ్లకు కలపని మజ్జిగ పోయడం నా చేత కాదు."

"ఈ పొద్దుకు నా మాట ఇను. రేపట్నుంచి నీ రాజ్యమే."

జగ్గులో పైన ముంచి ఎగువాయనకు పోశారు, గరిటె అడుగుదాకా దించి దిగువాయనకు పోశారు. ముగ్గురూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు.

"ఇందులో ఉప్పేదీ?" అన్నాడు మొదటాయన.

రెండో ఆయన మొహం చిట్లించాడు. "ఇది మజ్జిగా, సముద్రమా?"

"నీకు అన్నీ ఉప్పే!"

"నీ నాలుక కూడా మీ సర్కారుదే!"

అన్నయ్యగారు జగ్గు మధ్యకు జరిపారు. "జగ్గు ఒకటే. మీలో అబద్ధం ఎవరిది?"

ఇద్దరూ జగ్గులోకి వంగి చూశారు. అప్పుడు విడమరిచి చెప్పారు. ఉప్పునీరు బరువు, మంచినీటి కిందుగా పాకుతుంది. ఎగువాయన మనుషులు వంతెన మీంచి పైనీళ్లు ముంచారు. దిగువాయన మనుషులు తోటల పంపు నోటి దగ్గర, లోతున ముంచారు. ఎంత లోతున ముంచాలో ఒప్పందంలో ఎవరూ రాయలేదు.

"ఖలాస్, ఇంక గొడవ చాలు" అన్నాడు ఎగువాయన. ఉత్తరం రాయలేదు. ఆ తర్వాత ఇద్దరి మనుషులూ ఒకే పడవెక్కి, పైన, నడుమ, అడుగున కలిసి ముంచడం మొదలుపెట్టారు. గేట్లు లేచాయి. అప్పటికే ఆలస్యమైంది, ఒడ్డువారన చెట్లు చాలా పోయాయి, లోపలివి నిలిచాయి. అన్నయ్యగారు దాన్ని గెలుపు అనుకోలేదు. "ముందే అడిగింటే అవీ బతికేవి" అని చాలా రోజులు బాధపడ్డారు.

మనవరాళ్లు పోట్లాడుకుని నా దగ్గరికి తీర్పుకొస్తే నాకు ఎవరో ఒకరిని శిక్షించాలనే ఉండేది. ఆయన పేపరు చాటునుంచి, "అబద్ధమనేముందు యాడ ముంచినారో అడుగు చెల్లెమ్మా" అనేవారు. ఇప్పుడు అడుగుతున్నాను. నాకు ఓపిక నేర్పిన మనిషి ఆయనొక్కరే.

అమ్మాయీ అల్లుడూ ఆయన్ని కడపకు తీసుకువెళ్లారు. పిల్లలతో నేనుండిపోయాను. సమావేశానికి వచ్చి ఉన్న ఆ ఇంజనీర్లిద్దరూ నిన్న సాయంత్రం కలిసే ఇంటికొచ్చారు. మజ్జిగ తెచ్చి పెట్టాను, బాగా కలిపే తెచ్చాను. అయినా ఎగువాయన గరిటె అందుకుని అడుగంటా దించి, నిదానంగా తిప్పి, ముందు దిగువాయన గ్లాసు నింపాడు. ఆయన తాగి తల ఊపేదాకా తన గ్లాసు ముట్టుకోలేదు.

జగ్గులో మజ్జిగ ఇంకా తిరుగుతూనే ఉంది.