ప్రతి కమిటీలో ఒక మహిళ

మా ల్యాబులో కేన్సర్ కణాల్ని పెంచేది, అందరూ అక్క అని పిలిచే సీనియర్ సైంటిస్టు. రోజు విడిచి రోజు, సరిగ్గా పదకొండింటికి అవి పెరిగే పోషక ద్రవం మార్చాలి. ఆలస్యమైతే చచ్చిపోతాయి. చంటిపిల్లలే నయం అనేది.

ఇంతలో ప్రతి కమిటీలోనూ ఒక మహిళ ఉండి తీరాలని పైనుంచి రూలొచ్చింది. అప్పటికి మా విభాగంలో మహిళంటే అక్క ఒక్కతే. కొనుగోళ్ళ కమిటీ, క్యాంటీన్ కమిటీ, ఆఖరికి పార్కింగ్ కమిటీ కూడా ఆవిడ నెత్తినే పడ్డాయి. మగవాళ్ళు మనిషికో కమిటీ పంచుకుని తీరిగ్గా ప్రయోగాలు చేసుకున్నారు. అక్కకి సాయంగా ఒక మనిషినైనా ఇవ్వలేదు. మీటింగు నుంచి పరుగెత్తుకొచ్చేసరికి కణాలు చచ్చి తేలుతుండేవి. మళ్ళీ మొదటినుంచి మొదలు.

మూడుసార్లు ప్రమోషన్ అడిగింది. మూడుసార్లూ, "రీసెర్చ్ పేపర్లు చాలవమ్మా" అన్నారు. ఆడవాళ్ళు పైకెందుకు రావట్లేదో తేల్చడానికి ఒక కమిటీ వేసి, అందులోనూ అక్కనే కూర్చోబెట్టారు.

నేను చేరిన ఏడాదే అక్క ప్రమోషన్ లేకుండా అదే పాత హోదాలో రిటైరైంది. వెళ్తూ వెళ్తూ తన కణాల సీసాలు నాకప్పగించింది.

మర్నాడు డైరెక్టర్ గారు పిలిచి నా చేతిలో ఒక జాబితా పెట్టారు. "ఇక మిగిలింది నువ్వేగా అమ్మా. మొదటి మీటింగు ఇవాళే, పదకొండింటికి."