కరివేపాకు మీది పురుగులు

హిందీ మాట్లాడే ఊళ్ళో మా రైల్వే క్వార్టర్ల వరసలో కరివేపాకు చెట్టు మా పెరట్లో ఒక్కటే ఉండేది. తెలుగు ఇళ్ళవాళ్ళందరూ పొద్దున్నే రెబ్బల కోసం వచ్చేవారు. ఒక వానాకాలం పచ్చటి లావుపాటి పురుగులు పట్టి ఆకులన్నీ తినేయసాగాయి. మా ఆయన మందుపొడి తెచ్చిపెట్టారు. చల్లితే ఆ విషం ఎవరింటి చారులోకి పోతుందోనని నా భయం. చల్లకపోతే చెట్టు దక్కదనుకున్నాను.

ఆ ఆదివారం ఊళ్ళోనే శంకర్ నగర్‌లో పక్షులూ సీతాకోకచిలుకలూ వచ్చేలా తోట పెంచడం గురించి ఉపన్యాసం ఉందని పక్కింటి వదిన నన్ను లాక్కెళ్ళింది. కాలేజీలో పురుగుల శాస్త్రం చెప్పే మేడమ్ గోడ మీద బొమ్మలు చూపిస్తూ హిందీలో మాట్లాడింది. ఒక బొమ్మలో అచ్చం మా పురుగే! ఆగలేక లేచి నిలబడ్డాను.

"మేడమ్‌జీ, హమారా పేడ్ మర్ జాయేగా క్యా?" అని, మా చెట్టు చచ్చిపోతుందేమోనని అడిగాను.

"నహీ బెహన్‌జీ!" అని నవ్వి, ముదిరిన చెట్టు మళ్ళీ చిగురిస్తుందనీ, పురుగుల్లో కొన్నిటిని పిట్టలే తింటాయనీ, మిగిలినవి నల్ల సీతాకోకచిలుకలు అవుతాయనీ, మందు అక్కర్లేదనీ చెప్పింది. నా గుండెల మీద బరువు దిగిపోయింది.

"అయితే రెబ్బల కోసం మాకన్నా ముందే ఆ పురుగులు లైన్లో నిలబడ్డాయన్నమాట!" అంది పక్కింటి వదిన.

మర్నాడు రెబ్బల కోసం వచ్చినవాళ్ళకి, చిగురు వచ్చేదాకా ఆగమని నిశ్చింతగా చెప్పాను.