కిటికీ చువ్వకు తడిగుడ్డ

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ఘుగ్గుస్‌లో చంద్రపూర్ బస్సెక్కి, అక్కడి నర్సరీలో చూపిద్దామని తెచ్చిన బిళ్ళగన్నేరు కుండీని ఒళ్లో పెట్టుకున్నాను. నా భార్య నాటిన మొక్క అది. ఆమె పోయాక ఆకులు పసుపు రంగుకు తిరిగి, కాండం మొదలు మెత్తబడింది.

పక్క సీటులోని పెద్దావిడ అడగకుండానే కుండీ మట్టిలో వేలు గుచ్చింది.

“ఏంది తమ్మీ, దీన్ని నీళ్లల్ల ముంచి సంపుతున్నవా?”

నాకు ఒళ్లు మండింది. ముక్కూ మొహం తెలియని మనిషి అనవలసిన మాటా అది?

“ఇది మా ఇంటామె చెట్టు. ఆమె పోయినకాన్నుంచి ఒక్కరోజు తప్పకుండ బకెట్ నీళ్లు పోసి కడుగుతున్న. బొగ్గు లారీల దుమ్ముకు పొద్దుమీకి ఆకంత నల్లగైతది,” అన్నాను.

“దుమ్ము ఆకు మీదుంటే వేరును ముంచుడేంది? ఇది ఎండకు బతికే చెట్టు. మన్ను ఎండినంకనే నీళ్లు పొయ్యాలె. ఆకును తడిగుడ్డతోని తుడువు. మీ ఆమె గిట్లనే పోసిందా? ఎన్నడన్న చూసినవా?”

కిటికీ వైపు తిరిగాను. ఆవిడ పడోలీలో దిగిపోయింది. బొగ్గు మీద పట్టా కప్పకుండా పోతున్న ప్రతి లారీనీ తిట్టుకుంటూ కూర్చున్నాను.

మా వంటింటి కిటికీ చువ్వకు ఏళ్ల తరబడి ఒక తడిగుడ్డ వేలాడేది. అది దేనికని నేను ఒక్కసారీ అడగలేదు. ఆమె పాత బట్టలతో పాటు దాన్నీ పారేశాను.

ఇప్పుడు అక్కడ నా పాత బనీను ముక్క వేలాడుతోంది. ఆ మొక్కకు రోజూ నీళ్లు పోయడం లేదు.